మార్పు ఎవరిది? బాధ్యత ఎవరిది?

మన రెండు శాఖల్లోనూ పని నేడు కంప్యూటరుతో ముడిపడి ఉన్నది. రిజర్వేషన్ కౌంటరులోని గుమాస్తా గాని, పొదుపు ఖాతాలో సొమ్ము జమకట్టే పోస్టల్ అసిస్టెంటు గాని, ప్యానెల్ ముందు కూర్చున్న స్టేషన్ మాస్టరు గాని తమ చేతితో చేసేది కొంతే. మిగిలినది తమ కంటికి కనిపించని యంత్రం చేస్తుంది. ఆ యంత్రంలో ఎవరో, ఎక్కడో, ఏదో మారుస్తారు. ఆ మార్పు సఫలమైతే కీర్తి పైవారికి దక్కుతుంది. వికటిస్తే సంజాయిషీ నోటీసు కౌంటరులో ఉన్నవారికి వస్తుంది. ఈ అన్యాయానికి మూలం ఎక్కడ ఉన్నదో, దానిని ఎదుర్కొనడానికి మనకు ఏ ఆధారం ఉన్నదో ఈ సంచికలో చర్చింపదలచాము.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తున్నాము. యంత్రానికి మేము విరోధులము కాము. 1980 దశకం మధ్యలో ఢిల్లీలో ఆరంభమైన కంప్యూటర్ రిజర్వేషను 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలను ఒకే వ్యవస్థగా కలిపింది. దానిని రాత్రింబవళ్ళు నిలబెట్టినవారు మన రైల్వే ఉద్యోగులే. 2025లో తపాలా శాఖ దేశమంతటా ప్రవేశపెట్టిన ఏపీటీ సాఫ్ట్‌వేరును తయారుచేసినది మైసూరులోని ఆ శాఖ సొంత సాంకేతిక కేంద్రమే. కనుక మార్పు వలదని మేము అనడం లేదు. ఏ మార్పు ఏ తరగతికి చెందినది, దానిని ఎవరు అనుమతించారు, అది ఎక్కడ రాసి ఉన్నది అని అడుగుతున్నాము. ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేనిచోట నేరం చిట్టచివరి ఉద్యోగి నెత్తిమీదికి జారుతుందని అనుభవం చెబుతున్నది.

మూడు తరగతులు

ఈ ప్రశ్నలు మనం కొత్తగా కల్పించినవి కావు. కంప్యూటర్ సేవలను నిర్వహించేవారే తమకు తాము ఒక కట్టుబాటును ఏర్పరచుకున్నారు. 1980 దశకం చివర బ్రిటిష్ ప్రభుత్వపు కంప్యూటర్ సంస్థ ఒకటి ఈ రంగంలోని అనుభవాన్ని గ్రంథాలుగా కూర్చింది. ఐటిల్ అన్న పేరుతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. 2019లో దాని నాలుగవ రూపం వెలువడింది. మన దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు నిత్యం వల్లించేది ఈ శాస్త్రాన్నే. సేవ మీద ప్రభావం చూపగల దేనినైనా చేర్చినా, సవరించినా, తొలగించినా దానిని మార్పు అంటారు. అట్టి మార్పులను వారు మూడు తరగతులుగా విభజించారు: స్టాండర్డ్, నార్మల్, ఎమర్జెన్సీ.

ఈ పేర్లు కొంత తికమక పెడతాయి. నార్మల్ అనగా మామూలు పని అని భావించరాదు. పరిశీలన, అనుమతి, ముహూర్తం అనే పూర్తి క్రమంలో నడిచే మార్పు అని దాని అర్థం. మనం వీటిని నిత్యపు మార్పు, పరిశీలిత మార్పు, అత్యవసర మార్పు అని పిలుచుకొందాము. పేర్లు కొత్తవే గాని ఈ వివేకం మనకు కొత్త కాదు. కంప్యూటరు పుట్టకముందే రైలుపట్టా మీద, తపాలా బల్ల మీద మన పూర్వులు దీనిని పాటించారు.

నిత్యపు మార్పు

తరచుగా జరిగేది, ప్రమాదం తక్కువైనది, చేసే పద్ధతి ముందే రాసి ఉన్నది, అనుమతి ఒకేసారి శాశ్వతంగా ఇచ్చినది నిత్యపు మార్పు. కొత్తగా చేరిన ఉద్యోగికి లాగిన్ ఇవ్వడం, పాడైన ప్రింటరును మార్చడం ఇట్టివి. వదులైన కీని బిగించడానికి కీమన్ డివిజనల్ ఇంజనీరు అనుమతికై ఎదురుచూడడు. తపాలా కార్యాలయంలో ప్రతి ఉదయం ముద్రలోని తేదీ మార్చడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. అయినా ఆ ముద్రను ముందుగా పుస్తకంలో వేసి చూసి, ఆ తరువాతనే ఉత్తరాల మీద వేస్తారు. చిన్న మార్పుకు అనుమతి అక్కరలేకపోవచ్చును గాని నమోదు అక్కరలేకపోదు. ఈ సూత్రాన్ని మన పాత తపాలా గుమాస్తాలు ఎవరూ చెప్పకుండానే ఎరిగినవారు.

ఈ తరగతిలోని అపాయమేమనగా, పెద్ద మార్పు కూడ చిన్నదాని వేషంలో దూరగలదు. 2024 జూలై 19న జరిగినది అందరికీ తెలిసినదే. కంప్యూటర్లకు రక్షణ కల్పించే క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ కంపెనీ, తాను తరచుగా పంపే చిన్న సవరణల వంటి మరొకదానిని లోకమంతటికీ ఒక్కసారిగా పంపింది. అందులో దోషం ఉన్నది. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు కూలిపోయినవి. అనేక దేశాలలో విమానాలు ఆగినవి, ఆసుపత్రులు ఇక్కట్ల పాలైనవి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. ముందు కొద్ది యంత్రాల మీద పరీక్షించి, ఫలితం చూసి, దశలవారీగా పంపి ఉంటే అంత నష్టం జరిగేది కాదు. యంత్రం పడిపోయిననాడు పని నిలిపినది మనిషి చేతిరాతే అన్న సంగతి, సిబ్బందిని తగ్గించే ఆలోచనలో ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

పరిశీలిత మార్పు

రెండవ తరగతి పెద్దది. ఇక్కడ మార్పు కోరినవారు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎందుకు మార్చాలి, ఎవరి మీద ప్రభావం పడుతుంది, ఏ వేళలో చేయాలి, వికటిస్తే పాత స్థితికి ఎట్లా మరలాలి అన్నవి ముందే తేలాలి. వీటిని పరిశీలించి అనుమతించే అధికారి ఉండాలి. ఆయనకు సలహా చెప్పడానికి సాంకేతిక నిపుణులతో పాటు, ఆ సేవను వాడేవారి ప్రతినిధులు కూడ ఉన్న ఒక మండలి ఉండాలి. ఈ చివరి మాటను మన సభ్యులు ప్రత్యేకంగా గమనించాలి. వాడేవారి ప్రతినిధులు ఉండాలన్నది యూనియన్ల గొంతెమ్మ కోరిక కాదు. యాజమాన్యం తలదాల్చే శాస్త్రం చెప్పిన మాటే.

రైల్వే సోదరులకు ఇది వేరే వివరించనక్కరలేదు. పట్టా మీద పనికి బ్లాకు తీసుకోవడం ఇదే. సిగ్నలింగ్ పరికరాన్ని విప్పే ముందు స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇచ్చి, ఆయన సంతకం పొంది, పని ముగిసి పరీక్ష జరిగిన తరువాత రీకనెక్షన్ మెమో ఇవ్వడం ఇదే. మెమో మీద సంతకం చేసే స్టేషన్ మాస్టరుకు తీగెల మర్మం తెలియకపోవచ్చును. కాని ఆ మార్పు వల్ల రైలు నడకకు ఏమి జరుగుతుందో ఆయనకు తెలుసు. అందుచేతనే ఆయన సంతకం లేనిదే ఇంజనీరు సైతం పరికరం మీద చేయి వేయరాదు. కంప్యూటర్ విషయంలో కౌంటరు ఉద్యోగికి మేము అడుగుతున్న హక్కు ఇంతకు మించినది కాదు.

తపాలా శాఖలో 2025 నాటి మార్పును ఈ కొలబద్దతో చూద్దాము. మే, జూన్ నెలలలో కర్ణాటక సర్కిల్‌లో ముందుగా పరీక్షించారు. తరువాత ఒక్కొక్క సర్కిల్‌ను దశలవారీగా చేరుస్తూ ఆగస్టు 4 నాటికి దేశమంతటా పూర్తిచేశారు. పాత వ్యవస్థ నుండి కొత్తదానికి మారే వేళ ప్రజలకు ముందే ప్రకటించి లావాదేవీలు నిలిపారు. 4.6 లక్షల మంది ఉద్యోగులకు శిక్షణ ఇచ్చామని ప్రభుత్వం ప్రకటించింది. దశలవారీ అమలు, ముందస్తు ప్రకటన, శిక్షణ అన్నవి సరైన పద్ధతులే. వీటిని మేము మెచ్చుకొంటున్నాము. అయితే అమలైన తొలి రోజులలో అనేక చోట్ల సర్వర్లు మందగించి, బుకింగ్ కౌంటర్ల ముందు క్యూలు పెరిగినవి. ఆ క్యూలలో నిలిచినవారి కోపం సాఫ్ట్‌వేరు రూపొందించినవారి మీద పడలేదు. కిటికీ వెనుక ఉన్న మన చెల్లెలి మీద, తమ్ముని మీద పడింది. శిక్షణ పొందిన ఉద్యోగుల లెక్క ప్రకటించినట్లే, అమలులో ఎదురైన దోషాలెన్ని, సరిచేసినవెన్ని, మిగిలినవెన్ని అన్న లెక్క కూడ ఉద్యోగుల ముందు ఉంచాలి. మార్పు ముగిసిన తరువాత దాని ఫలితాన్ని సమీక్షించాలన్నది కూడ ఆ శాస్త్రంలోనిదే.

అత్యవసర మార్పు

సేవ కూలిపోయినప్పుడు, లేదా కూలనున్నప్పుడు, మండలి సమావేశానికై ఆగలేము. పట్టా విరిగి ఉండగా చూచిన కీమన్ ముందు ఎర్ర జెండా చూపి, డిటొనేటర్లు అమర్చి, రైలును ఆపుతాడు. కబురు ఆ తరువాత. తాత్కాలికంగా ఫిష్‌ప్లేటు బిగించి, వేగం తగ్గించి, రైళ్ళను నడిపిస్తారు. కాని కథ అంతటితో ముగియదు. కాషన్ ఆర్డరు జారీ అవుతుంది. విరిగిన చోటు రికార్డులోకి ఎక్కుతుంది. శాశ్వత మరమ్మతు జరిగేదాకా ఆ వేగ నియంత్రణ తొలగదు. కంప్యూటర్ మార్పులోనూ అంతే. తొందర వల్ల అనుమతి క్రమం క్లుప్తం కావచ్చును, పరీక్ష తగ్గవచ్చును, రాతపని వెనుకకు పోవచ్చును. లోపించడానికి మాత్రం వీలులేదు.

అత్యవసరం అన్న మాట దుర్వినియోగం కావడానికి మిక్కిలి అనువైనది. ఆరు మాసాల ముందే తెలిసిన పనిని చివరి రోజుదాకా వాయిదా వేసి, ఆపైన అత్యవసరమని ముద్ర వేస్తే అది అత్యవసరం కాదు, ప్రణాళికా లోపం. తత్కాల్ బుకింగ్ ఆరంభమయ్యే 10, 11 గంటల వేళలో, తెలంగాణ పల్లెల్లో వృద్ధులు పింఛనుకై తపాలా కార్యాలయం ముందు బారులు తీరిన దినాలలో, ముందుగా ఆలోచించి నివారించగల ఏ మార్పునైనా తలపెట్టడం సిబ్బందికీ ప్రజలకూ చేసే ద్రోహమే. రిజర్వేషన్ వ్యవస్థ అర్ధరాత్రి వేళ కొద్దిసేపు విరామం తీసుకొంటుంది. మార్పుకు తగిన వేళ అన్నది ఉంటుందని ఆ ఏర్పాటే చాటుతున్నది.

రెండు గుణపాఠాలు

ఈ తరగతులను, వాటి క్రమాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుంది? రెండు ఉదంతాలు చాలును. ఒకటి మన రైల్వేలోనిది. మరొకటి పరదేశపు తపాలాలోనిది.

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బాహానగా బజార్ స్టేషనులో, చెన్నైకి వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద పచ్చ సిగ్నలు ఉండగా, పాయింటు లూపు లైనుకు తిరిగి ఉన్నది. బండి నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. యశ్వంత్‌పూర్–హౌరా ఎక్స్‌ప్రెస్ కూడ ప్రమాదంలో చిక్కుకొన్నది. 290 మందికి పైగా మరణించారు. విశాఖ, విజయవాడల మీదుగా నిత్యం నడిచే ఆ బండి కోసం ఆనాడు మన స్టేషన్లలో ఎందరో ఆత్రుతతో ఎదురుచూశారు. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలినదేమి? ఆ స్టేషను ఉత్తర గుమ్టీలో గతంలో సిగ్నలింగ్ సర్క్యూట్లకు చేసిన మార్పులో లోపం ఉన్నది. 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు వద్ద ఎలక్ట్రిక్ బ్యారియరు మార్చే పనిలోనూ లోపం ఉన్నది. 2022 మేలో అదే ఖరగ్‌పూర్ డివిజనులోని మరొక స్టేషనులో తప్పు వైరింగు వల్ల ఇటువంటి ఘటన జరిగినప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకొని ఉంటే ఈ ఘోరం తప్పేదని కూడ నివేదిక తెలిపింది. ఒక మార్పు సరిగా జరగలేదు. ఒక హెచ్చరిక వినబడలేదు. 2023 జూలైలో సిగ్నలింగ్ విభాగానికి చెందిన ముగ్గురు ఉద్యోగులను సీబీఐ అరెస్టు చేసింది. కోర్టుకెక్కిన ఆ కేసు మంచిచెడ్డలను మేము ఇక్కడ చర్చించము. అయితే లోపాలు అనేక స్థాయిలలో ఉన్నవని నివేదిక చెప్పగా, బోను ఎక్కినవారు మాత్రం ముగ్గురే. ఈ తేడాను మన సభ్యులు మనసులో పెట్టుకోవాలి.

రెండవ ఉదంతం బ్రిటిష్ తపాలా సంస్థది. 1999 నుండి అక్కడి తపాలా కార్యాలయాలలో ఫుజిట్సు సంస్థ నిర్వహించిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థను ప్రవేశపెట్టారు. కొద్ది కాలానికే ఖాతాలలో లేని లోటు కనిపించసాగింది. సబ్ పోస్టుమాస్టర్లు మొరపెట్టుకొన్నారు, వినినవారు లేరు. లోటు సొమ్మును వారి జేబుల నుండి కట్టించారు. దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలు మోపి 900 మందికి పైగా శిక్షలు వేయించారు. సబ్ పోస్టుమాస్టరుకు తెలియకుండా దూరం నుండి ఎవరూ ఆ కార్యాలయపు లెక్కలను మార్చజాలరని సంస్థ ఏళ్ళతరబడి వాదించింది. అలన్ బేట్స్ అనే మాజీ సబ్ పోస్టుమాస్టరు నాయకత్వంలో 555 మంది వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ వ్యవస్థలో దోషాలు ఉన్నవనీ, దూరం నుండి లెక్కలు మార్చడం సాధ్యమేననీ తేలింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దుచేసింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి మూకుమ్మడిగా శిక్షలను రద్దుచేయవలసి వచ్చింది. 2025 జూలైలో వెలువడిన విచారణ నివేదిక మొదటి సంపుటం కనీసం 13 మంది ఈ వేదనతో ప్రాణాలు తీసుకొని ఉండవచ్చునని పేర్కొన్నది.

ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారు అన్న పుస్తకాన్ని తొలినాడే ఉద్యోగుల ముందు తెరచి ఉంటే, ఇందరు నిర్దోషులు జైళ్ళకు పోయేవారు కారు. కంప్యూటరు చెప్పినది సత్యం, మనిషి చెప్పినది అబద్ధం అన్న మూఢనమ్మకమే ఆ ఘోరానికి మూలం. అది ఆ దేశానికి మాత్రమే పరిమితమని మేము భావించడం లేదు.

చట్టం ఏమంటున్నది?

పనివారి సేవా నిబంధనలను మార్చదలచిన యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9-ఎ సెక్షను ఉండేది. సిబ్బంది తగ్గింపుకు దారితీయగల యంత్రాల, పద్ధతుల మెరుగుదల కూడ ఆ జాబితాలో ఉన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ నోటీసును 40వ సెక్షనులో నిలిపింది. దానితోపాటే పాత మినహాయింపునూ నిలిపింది. ఫండమెంటల్ రూల్సు, రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ వంటివి వర్తించే ఉద్యోగులకు ఆ నోటీసు ఇవ్వనక్కరలేదు. అనగా మిల్లు కార్మికునికి చట్టం ఇచ్చిన పాటి ముందస్తు కబురు కూడ రైల్వే గుమాస్తాకు, పోస్టల్ అసిస్టెంటుకు చట్టరీత్యా లేదు. మనకు ఉన్నది 1952 నాటి నుండి రైల్వేలో నడుస్తున్న శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం, 1966లో ఏర్పడిన ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం. చట్టం మూసిన తలుపును సంప్రదింపుల బల్ల మీదనే తెరవాలి.

మా కోర్కెలు

ఈ వేదికలమీద చర్చకు పెట్టవలసినవిగా ఈ క్రింది కోర్కెలను ప్రతిపాదిస్తున్నాము.

ఒకటి: ఉద్యోగుల పనిని తాకే ప్రతి మార్పు ఏ తరగతిదో, ఏ తేదీన, ఏ గంటలో జరుగుతుందో, అనుమతించిన అధికారి ఎవరో ప్రాంతీయ భాషలో ముందుగా తెలియజేయాలి.

రెండు: పరిశీలిత మార్పులను అనుమతించే మండలిలో కౌంటరులో పనిచేసే ఉద్యోగుల ప్రతినిధికి, గ్రామీణ డాక్ సేవకుల ప్రతినిధికి స్థానం ఉండాలి.

మూడు: పండుగ రద్దీ, పింఛను పంపిణీ, ఖాతాల ముగింపు దినాలలో అత్యవసరమైనవి తప్ప ఇతర మార్పులను నిలిపివేయాలి.

నాలుగు: అత్యవసర మార్పు జరిగిన మరునాటికల్లా దాని కారణం, ఫలితం రాతపూర్వకంగా ఆ కార్యాలయానికి చేరాలి.

ఐదు: లెక్కలో తేడా వచ్చినప్పుడు, ఆ కాలంలో వ్యవస్థలో జరిగిన మార్పుల రికార్డును ఉద్యోగికి చూపనిదే సొమ్ము రికవరీ గాని, ఛార్జిషీటు గాని ఉండరాదు. ఐదింటిలోనూ మేము ప్రాణప్రదంగా భావించేది ఇదే.

శాఖల కర్తవ్యం

కోర్కెలు నెరవేరేదాకా చేతులు ముడుచుకొని కూర్చోరాదు. ప్రతి శాఖా కార్యదర్శి నేటినుండే ఒక పుస్తకం తెరవాలి. మన కార్యాలయంలో తెర ఎప్పుడు మారింది, ఏ సేవ ఎంతసేపు ఆగింది, ఎవరికి ఫిర్యాదు చేశాము, ఫిర్యాదు నంబరు ఏమిటి, ఎప్పుడు సరైనది అన్నవి తేదీ, గంటలతో రాసి ఉంచాలి. పాస్‌వర్డును ఎంతటి అధికారి అడిగినా చెప్పరాదు. తమ లాగిన్‌లో మరొకరిని పని చేయనీయరాదు. సాయం పేరుతో ఎవరైనా దూరం నుండి మన కంప్యూటరులోనికి ప్రవేశిస్తే, ప్రవేశించిన వేళ, ముగించిన వేళ, చేసిన పని ఆ పుస్తకంలోకి ఎక్కించాలి. లెక్కలో తేడా కనిపిస్తే, రూపాయి అయినా సరే, జేబునుండి వేసి సరిపెట్టరాదు. ఆనాడే పై అధికారికి రాసి, నకలు శాఖకు పంపాలి. జేబునుండి కట్టిన రూపాయి రేపు నేరాంగీకారంగా నిలుస్తుంది.

బ్రిటన్‌లోని సబ్ పోస్టుమాస్టర్లు దాదాపు ఇరవై ఏళ్ళు పోరాడి గెలిచారు. ఆ లోటు తమ ఒక్కరికే వచ్చిందని మొదట్లో ప్రతి ఒక్కరూ భావించారు, ఒంటరిగా కుంగిపోయారు. ఒకరి లెక్క మరొకరి లెక్కతో కలిసినప్పుడే నిజం బయటపడింది. మన శాఖల పుస్తకాలను డివిజనుకు, డివిజనువి సర్కిల్‌కు, జోనుకు చేర్చి, వచ్చే సంప్రదింపుల సమావేశంలో బల్ల మీద పెట్టే బాధ్యతను సమాఖ్య తీసుకొంటున్నది. ఆ పుస్తకంలో మొదటి పుట రాయవలసిన బాధ్యత మాత్రం ప్రతి కార్యాలయంలోని మన సభ్యులదే.